గడియ వదులైంది

ప్రియమైన మెకానిక్ గారికి,

వీధి తలుపు గడియ వదులైంది. గట్టిగా తోస్తే ఊడొస్తోంది. పడుకునే ముందు కుర్చీ అడ్డం పెడుతున్నాను. బిగిద్దామంటే ఇంట్లో ఒక్క స్క్రూడ్రైవర్ లేదు. పోయినసారి వచ్చినప్పుడు మీ పనిముట్ల పెట్టె మొత్తం పట్టుకెళ్ళారు, వంటింటి సొరుగులోని చిన్న స్క్రూడ్రైవర్‌తో సహా. ఇదివరకెప్పుడూ అలా చేయలేదు. మీ ఉద్యోగం ఊళ్ళో లిఫ్టులన్నీ ఒకేసారి ఆగిపోయాయా? లేక ఈ ఇంట్లో ఇక మీకు పని లేదనుకున్నారా?

ఇంటివాడు నెలాఖరుకల్లా తేల్చమంటున్నాడు. మీరు తిరిగి వచ్చేట్టయితే ఇల్లు ఉంచుతాను. కాదంటే ఖాళీ చేసి ఆఫీసు పక్కన హాస్టల్లో గది తీసుకుంటాను. ఒక్కదానికి మూడు గదులెందుకు?

మా ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులో నా వంతుకిప్పుడు ‘లీవ్’ అనే క్రియ వచ్చింది. అర్థాలు తెమలడం లేదు. “అమ్మా, నువ్వు ‘లీవ్’ను ఎప్పుడు లీవ్ చేస్తావు?” అని ఎడిటర్ గారు రోజూ ఎగతాళి.

మీ
నిఘంటువమ్మ

ప్రియమైన నిఘంటువమ్మకు,

పెట్టె సంగతి వచ్చాక చెప్తాను. ముందు నీ విద్యతో పని పడింది. మేనేజర్‌కి ఒక అర్జీ పెట్టాను. క్లర్కు దాన్ని తిరిగి తెచ్చి నా చేతిలో పెట్టాడు. మీద ఎర్ర సిరాతో ఒకటే మాట: ‘లీవ్’. సంతకం లేదు. “పొమ్మన్నాడయ్యా, సర్దుకో” అంటాడు స్టోర్స్ ఆయన. “కాదండీ, సెలవిచ్చాడు, స్వీట్లేవీ?” అంటుంది టైపిస్టు. అడుగుదామంటే మేనేజర్ టూర్లో ఉన్నాడు. నా ఇంగ్లీషు లిఫ్టు బటన్ల దగ్గరే ఆగిపోయింది. నేనడిగింది ఒకటి, ఆయన రాసింది ఇంకొకటి. ఉద్యోగం ఉన్నట్టా, ఊడినట్టా?

నీ
మెకానిక్

ప్రియమైన మెకానిక్ గారికి,

అవి చూడ్డానికి ఒకటే గానీ, పుట్టుకలో రెండు మాటలు. సెలవు అనే అర్థమున్న ‘లీవ్’కి మొదట్లో అర్థం అనుమతి. ఇంగ్లీషులో ప్రేమ అనే మాటకి అది దూరపు చుట్టం. మన ‘సెలవు’ కూడా అంతేగా, అనుమతీ అదే, వీడ్కోలూ అదే. క్రియ సంగతి వేరు. దాని పాత అర్థం వెళ్ళిపోవడం కాదు, ఉండనివ్వడం, మిగల్చడం. ఒక మనిషి వెళ్తే వెనక ఏదో ఉండిపోతుంది కదా, ఆ వైపు నుంచి వెళ్ళిపోవడమనే అర్థం తర్వాత వచ్చి చేరింది.

ఎర్ర సిరాలో ఏది ఉందో నేను చెప్పలేను. సెలవిస్తే ఇంటికి రండి. పొమ్మంటే ఎలాగూ ఇంటికే రావాలి. రెండింటికీ బస్సు ఒకటే. అసలు మీరడిగింది సెలవేనా? శనివారం ఇంటివాడు వస్తాడు. ఈలోగా రాయండి.

మీ
నిఘంటువమ్మ

ప్రియమైన మెకానిక్ గారికి,

శనివారం వెళ్ళిపోయింది. మీ ఉత్తరం లేదు. ఇంటివాడిని ఇంకో వారం ఆగమన్నాను. “ఆయన వస్తారా, రారా అమ్మా?” అన్నాడు. హాస్టల్ గది చూసొచ్చాను. కిటికీ ఉంది, బాగానే ఉంది. ఎటు తేలినా ఈ తలుపు ఇలా ఉండకూడదని వడ్రంగికి కబురు పెట్టాను.

మీ
నిఘంటువమ్మ

ప్రియమైన నిఘంటువమ్మకు,

మేనేజర్ నిన్ననే తిరిగొచ్చాడు. తేలకుండా ఏం రాయనని ఆగాను. నేనడిగింది సెలవు కాదు, మన ఊరికి బదిలీ. రెండుసార్లు అడిగితే కాదన్నారు. ఈసారి, ఇక్కడి పాత లిఫ్టులన్నీ నడిపించి చూపిస్తే ఆలోచిస్తామన్నారు. పెట్టె మొత్తం పట్టుకొచ్చింది అందుకే. ఇస్తారో లేదో తెలియక ముందే నీకు ఆశ పెట్టడం ఇష్టంలేక చెప్పలేదు.

కాగితం చూపించి, “ఏమని రాశారు సార్?” అన్నాను. ఆయన నెత్తి కొట్టుకున్నాడు. “తిరిగొచ్చాక చూస్తాను, నా బల్ల మీదే ఉండనివ్వమని క్లర్కుకి రాశానయ్యా! నీకెవడిచ్చాడు?”

అంటే నువ్వు చెప్పిన పాత అర్థమే. లిఫ్టులన్నీ ఎక్కి దిగి చూసి, నా ఎదుటే బదిలీకి సంతకం పెట్టాడు.

ఈ ఉత్తరం వెనకాలే పెట్టె వస్తుంది, దాని వెనకాలే నేను. వడ్రంగిని రావద్దని చెప్పు. ఇల్లు వదలకు. గడియ మాత్రం అలాగే వదిలెయ్.

నీ
మెకానిక్