జొన్న చేలో కర్రెద్దు

చిట్కుల్,
8-1-1992

బాపుకు దండాలు. కిరాయి గది మంచిగుంది, నా గురించి పరేషాన్ కావద్దు.

ఒక్క ముచ్చట నీకే చెప్పాలి. పటాన్‌చెరులో మా పరిశోధన పొలంలో ఉన్న కొత్త జొన్న రకాల్లో ఏవి హైబ్రిడ్ విత్తనానికి తల్లిదండ్రులుగా పనికొస్తాయో తేల్చాలి. ప్రతి రకాన్నీ మిగతా అన్నిటితో కలుపుదామన్నారు కొందరు. అట్లా పుప్పొడి పట్టి, వేరే పుప్పొడి పడకుండా అన్ని కంకులకు సంచులు కట్టేలోపు పూతే అయిపోతుంది. అన్నిటినీ ఒకే రకంతో కలిపి చూద్దామన్నాను. "అయితే అన్నిటికన్నా మంచి రకంతో కలుపుదాం" అన్నారు పెద్ద సారు. కాదు, నాసిరకంతో అన్నాను. అందరూ నవ్వారు.

అప్పుడు నీ పద్ధతి చెప్పాను. కొత్త ఎద్దును కొనేముందు నువ్వు మన కర్రెద్దు పక్కనే కాడి కట్టి చూసేవాడివి కదా. "గట్టి ఎద్దు పక్కన కడితే బరువంత అదే గుంజుతది, కొత్తదాని పనిదొంగతనం కనవడది. కర్రెద్దు సగమే గుంజుతది, కొత్తదాని బలమెంతో తెలుస్తది" అనేవాడివి. అది విని సారు, "సుమిత్ర చెప్పినట్టే చేద్దాం" అన్నారు.

ఇప్పుడు ఆ నాసిరకం సాళ్లకు కూలీలు పెట్టిన పేరు కర్రెద్దు! "అక్కా, ఇయ్యాల కర్రెద్దు పుప్పొడి పట్టాలె గద" అని పొద్దున్నే బక్కమ్మ కేకేస్తే ఎంత గర్వమో నాకు.

అవ్వ నడుం నొప్పి తగ్గిందా? కందిపప్పు విసిరితే ఎవరి చేతనైనా పంపండి. కర్రెద్దుకు ఇగ పని లేదు, అంగడికి తోలతానని రాశావు. తోలొద్దు బాపూ. ఇక్కడ అది ఇంకా కాడి కిందే ఉంది. నా పేరు చెప్పి దాని గంగడోలు నిమురు.

నీ బిడ్డ
సుమిత్ర