వెళ్లొస్తాను అనే జపాను మాట

అమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. వచ్చే వారం వ్యవసాయ శిక్షణకు జపాను వెళ్తున్నాను. మిరపకాయల తొడిమలు తీస్తూ, పోస్టులో వచ్చిన ప్రయాణికుల పుస్తకం బట్టీపడుతున్నాను. అక్కడ ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు "ఇత్తెకిమస్" అనాలట. వెళ్లొస్తానని అర్థం.

పిన్ని పకపకా నవ్వింది. "మా అక్క ఎంత మొత్తుకున్నా నీ నోట రాని మాట, జపానోళ్లు చెబితే వచ్చిందే!"

నిజమే. "పోతున్నా అనకూడదే, వెళ్లొస్తా అను" అంటూ ఆఖరిసారి నల్లపాడు స్టేషను దాకా వచ్చావు. చాదస్తమని విసుక్కుని, ఆ మాట అనకుండానే రైలెక్కాను.

ఇంట్లోవాళ్లు బదులుగా "ఇత్తెరషాయ్" అనాలట, వెళ్లి రమ్మని. అది తనకు నేర్పమంటోంది పిన్ని. నాకింకా నోరు రావడం లేదు.