మా సాయిదుర్గకు ఇస్తానన్న లెక్కల మెథడ్

బి.ఇడి. కళాశాలలు తనిఖీ చేసే అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

తమరు క్షేమమని తలుస్తాను. అమ్మగారు, పిల్లలు కులాసాయేనా అండీ. మొన్న తమ ఆఫీసుకొస్తే తమరు లేరు. నాకు కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చిన బంట్రోతు గణపతి గారికి మోకాలినొప్పి తగ్గిందా. నాకు బి.పి. ఉన్నది, దానికీ అర్జీకీ సంబంధం లేదు.

విషయం: నా మనవరాలికి లెక్కల మెథడ్ ఇస్తామని మాట తప్పినందుకు విచారణ కోరుట గురించి.

1. సదరు మనవరాలు సాయిదుర్గ లెక్కలతోనే డిగ్రీ ప్యాసైనది. బి.ఇడి.లో సైన్సుకు తోడు లెక్కల మెథడ్, అంటే లెక్కలు బోధించే శిక్షణ, కూడా ఉంటేనే లెక్కల టీచరు ఉద్యోగానికి రాయనిస్తారట. దానికి చిన్నప్పట్నించీ అదే కోరిక. మా అరుగు మీద వీధి పిల్లలందరికీ లెక్కలు చెప్పేది.

2. కళాశాల కరస్పాండెంటు కాశీవిశ్వనాథం గారు మా వారికి పినతండ్రి కొడుకు. పిల్లని చేర్చే ముందు మా ఇంట భోజనానికొచ్చేరు. కందాబచ్చలి కూర మారు వడ్డించుకుని, "చేర్పించెయ్యండి వదినగారూ, తరగతులు మొదలయ్యేక లెక్కలు కలిపేస్తాను. అది నా మనవరాలు కాదా అండీ" అన్నారు. పిల్ల "చిన్నతాతగారూ, ఆ ముక్క రాసి..." అనబోతే నేనే దాని పాదం తొక్కేను. మన ఆకులో అన్నం తింటున్న మనిషిని కాగితం అడగడం మా ఇళ్ళల్లో లేదండి.

3. ఇప్పుడు లెక్కలకు బదులు సోషలు వేసేరు. సీట్లు నిండిపోయేయట. నిండిన ఆఖరి సీటు ఆయన బావమరిది కూతురు శాంతిది. మా పిల్ల తర్వాత చేరినది. శాంతి మంచి పిల్లే, దాన్నేమీ అనకండి. నేను వెళ్ళి అడిగితే "ఏ సబ్జెక్టయితే ఏంటండీ, టీచరు టీచరే కదా. అయినా నేను మాటిచ్చినట్టు ఎక్కడుందండీ" అన్నారు. "మీ పొట్టలో ఉంది మరిదిగారూ" అనేసి వచ్చేసేను. ఆ కోపం పిల్ల మార్కుల మీద చూపిస్తారేమోనని భయంగా ఉంది.

4. డిసెంబరులో వీళ్ళని బడులకు పాఠాలు చెప్పడానికి పంపుతారు. ఈలోగా మారకపోతే ఇంక మారదట. పిల్ల నన్నొక్క మాట అనలేదు. సోషలు పుస్తకం తెరిచి కూర్చుంటుంది, పేజీ తిప్పదు. నిన్న వీధి పిల్లలు లెక్క అడగడానికొస్తే "ఇంకెవరినైనా అడగండమ్మా" అని పంపేసింది.

కావున ఒక సీటు పెంచి అయినా మా పిల్లకు లెక్కలు ఇప్పించవలసినదిగా ప్రార్థన. శాంతి సీటు తీసి మాత్రం వద్దు. ఈ ముసలిదాని గోడు తమరైనా చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
గుబ్బల మాణిక్యం,
తాటిపాక.

తా.క.: మా వారి తద్దినానికి మరిదిగారు ఏటా వస్తారు, మొదటి ఆకు ఆయనకే వేస్తాం. తమరూ దయచేయండి, పక్కనే పీట వేస్తాను. ఈసారి కాగితం, పెన్నూ పెట్టేకే ఆకు వేస్తాను. సంతకం పెట్టకుండా లేచిపోతే మా వారికి ఏం చెప్పుకోవాలో తెలియక ఇప్పట్నించే గాబరాగా ఉంది. తమరుంటే లేవరు. కారం తక్కువ తింటారేమో గణపతి గారితో కబురు పెట్టండి. నవంబరు తొమ్మిది, ఆదివారం, మధ్యాహ్నం.