చుక్కలు పొడిచేదాకా

రూతూ,

నువ్వు పోయిన ఏడాదికి పుట్టిన మన మనవడికి నిన్న గుండె ఆపరేషన్ అయింది. గండం గడిచిందన్నారు.

పోయిన శనివారం పాలు తాగుతూనే బిడ్డ పెదాలు నీలంగా మారాయి. వెంటనే గుంటూరు తీసుకెళ్ళమన్నాడు మన ఊరి ఆర్ఎంపీ. అమ్మాయి బిడ్డతో గుమ్మంలోకి వచ్చింది. "షబ్బత్ కదమ్మా, విశ్రాంతి దినాన బండెక్కకూడదు. చుక్కలు పొడిచి షబ్బత్ ముగిశాక ఎక్కుదాం" అన్నాను.

మీ వదిన ఎస్తేరు విన్నది. "ఏంది అన్నయ్యా ఈ మాట? ప్రాణం ముందు, షబ్బత్ తర్వాత అని మాకు చదివి చెప్పింది నువ్వు కాదూ? జరుగు అవతలికి!" అని ఆటో పిలిచింది.

మన యూదుల ఇళ్ళన్నీ కదిలాయి. కొందరు రక్తమిచ్చారు, కొందరు ఆసుపత్రి వరండాలో కీర్తనలు చదివారు. ప్రార్థన చేయించే పెద్దను నేనేమో, పంతం కొద్దీ చీకటి పడేదాకా ఇంట్లోనే కూర్చున్నాను.

ఎనిమిదో రోజున జరగాల్సిన సున్తీ, ఇక బిడ్డ కోలుకుని, డాక్టరు సరేనన్నాకే.

ఇవాళ ఆసుపత్రి వరండాలో అమ్మాయి టీ తెచ్చిచ్చి, "ఆ రోజు వాణ్ణి నువ్వే ఒళ్ళో పెట్టుకోవాలి నాన్నా" అంది.

సున్తీవేళ బిడ్డను ఒళ్ళో పట్టుకునే గౌరవం, ఆనాడు వాణ్ణి గుమ్మంలోనే ఆపిన నాకా? టీ చల్లారిపోయింది.