రేడియో మెకానిక్ అనుభవం

ప్రియమైన పిచ్చుకకి,

నిన్న ఫోనులో మళ్ళీ గొడవైంది. ఇద్దరం ఒకేసారి మాట్లాడతాం, ఇద్దరం వినం. అందుకే కాగితం ముందేసుకున్నాను. ఇక్కడ నువ్వు నాకు అడ్డు తగలలేవు, హాయిగా ఉంది.

నాన్న నా దగ్గరికొచ్చి మూడు నెలలైంది. కుదురుకున్నారు. గడియారాల కొట్టు మూసేసినా ఆ చేతులు ఊరుకోవు కదా. మా బిస్కెట్ ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్లో పది నిమిషాలు వెనక నడిచే గోడ గడియారాన్ని ఇంటికి తెప్పించుకుని బాగుచేశారు. ఇప్పుడు ఇరవైమంది ఆడవాళ్ళం టంచనుగా ఇంటికి పోతున్నాం. సూపర్‌వైజరుకి మాత్రం నాన్న పేరెత్తితే మంట.

ఇక నీ సంగతి. స్కూల్లో ఉద్యోగం పోయాక బ్లాగు అన్నావు, ఇంట్లో కూర్చుని రాసి సంపాదిస్తానన్నావు. ఏడాదిపాటు ఏడుపు తప్ప ఏమీ రాలేదు. ఇప్పుడేమో వారం వారం డబ్బు వస్తోందంటున్నావు. ఎవరిస్తున్నారు? ఎందుకిస్తున్నారు? నువ్వు రాసింది ఒక్కటి పంపమంటే ఎందుకు మాట దాటేస్తావు? చిన్నప్పుడు రెండు వాక్యాలు రాస్తే ఇల్లంతా తిరిగి వినిపించేదానివి. అది గుర్తొచ్చే నాకు అనుమానం.

జవాబు రాయి.
మీ అక్క

*

ప్రియమైన అక్కకి,

పోలీసు ఉత్తరం అందింది.

బ్లాగులో నలభై వ్యాసాలు పెట్టాను. పాఠం చెప్పడం గురించి, పిల్లల తప్పుల గురించి, అద్దె గదుల గురించి. చదివింది పదకొండుమంది. అందులో నాలుగుసార్లు నేనే. తర్వాత రాతపని ఇచ్చే సైట్లలో చేరాను. ఒక్క పనికి మూడొందలమంది ఎగబడతారు. ఒకడు 'నమూనాకి ఒక వ్యాసం పంపండి' అన్నాడు, పంపాను. బాగాలేదన్నాడు. వారం తిరక్కుండా అదే వ్యాసం వాడి పేరుతో కనిపించింది. ఇలా మూడుసార్లు మోసపోయానని నీకెప్పుడూ చెప్పలేదు. నువ్వు 'నేను ముందే చెప్పాను' అంటావని.

ఇప్పుడు పనిచ్చే ఆయన్ని మేనేజరు అనే పిలుస్తాను. పేరు అడిగితే, 'మేనేజరు చాలండీ' అని రాశాడు. ఆరోగ్యం గురించి రాయిస్తాడు. ప్రతి శుక్రవారం డబ్బు పడుతుంది. నా పేరు ఉండదు, అందుకే పంపడం లేదు. పేరు లేనిది చూపించుకోవడానికి నాకే మొహమాటం. అంతే, అందులో గూడుపుఠాణీ ఏమీ లేదు.

నాన్నకి షుగరు ఎంతుంది? మాత్రలు నీ చేత్తోనే ఇవ్వు.

ప్రేమతో,
పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకకి,

పేరు చెప్పని మనిషి దగ్గర పని చేస్తూ గూడుపుఠాణీ లేదంటావు. ఆయన గొంతైనా విన్నావా? ఆఫీసు ఎక్కడో తెలుసా? రేపు డబ్బు ఆపేస్తే ఎవరి తలుపు తడతావు?

ఇక్కడ నాకు ఇంకో అనుమానం పట్టుకుంది. నాన్న ఏదో దాస్తున్నారు. మాత్ర నా చేత్తోనే ఇస్తాను, నీళ్ళు తాగుతారు, 'మింగేశాలే తల్లీ' అంటారు. కానీ నోరు తెరవమంటే చిన్నపిల్లాడిలా మొహం తిప్పుకుంటారు. మొన్న పక్కవాటాలో ఉండే టిక్కెట్ల గుమస్తాతో ఏదో గుసగుసలాడుతూ నన్ను చూడగానే ఇద్దరూ వాతావరణం గురించి మొదలెట్టారు. ఆయన రిటైరై ఖాళీగా ఉన్నాడు, రోజంతా ఫోను చూస్తూ కనపడినవాళ్ళకల్లా ఏదో ఒకటి పంపుతుంటాడు. నిన్న నాన్న గదిలో ఒక బిస్కెట్ డబ్బా చూశాను. తెరవబోతే, 'గడియారాల సామాన్లే, చెల్లాచెదురవుతాయి' అని లాక్కున్నారు. లోపల గలగలలాడలేదు.

ఆ గుమస్తా నాన్న బుర్రలో ఏదో ఎక్కిస్తున్నాడు. నేను పట్టుకుంటాను.

మీ అక్క

*

అక్కకి,

నువ్వడిగిన ప్రశ్నలే నేనూ మేనేజరుని అడిగాను. గొంతు వినలేదు. ఆఫీసు ఎక్కడంటే చిరునామా ఒకటి పంపాడు, పొడవుగా, గది నంబరుతో సహా. నేను రాసినవాటిని ఎక్కడ వేస్తున్నారని అడిగితే, 'రాయడం మీ పని, వేయడం మాది' అన్నాడు. ఆ మాట నచ్చలేదు. మానేద్దామనుకున్నాను. కానీ గది అద్దె కట్టాల్సిన వారమది. మానలేదు.

నాన్న మాత్ర మింగేదాకా పక్కనే నిలబడు. ఆ డబ్బాలో ఏముందో చూసి వెంటనే నాకు రాయి. ఆలస్యం చెయ్యకు.

పిచ్చుక

*

పిచ్చుకా,

ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. నాన్నకి కొత్త చెప్పు కరిచి కాలి మీద చిన్న పుండు పడింది. మేజోడు తొడుక్కుని దాచారు. నాకు తెలిసేసరికి పాదం వాచి నల్లబడింది, జ్వరంతో ఒళ్ళు కాలిపోతోంది. షుగరు చూసిన నర్సు మిషను పాడైందేమోనని ఇంకోటి తెచ్చి మళ్ళీ చూసింది. నిన్న ఒక వేలు తీసేశారు. మిగతా పాదం దక్కుతుందో లేదో రెండు రోజుల్లో చెబుతారట.

ఇంటికెళ్ళి గదంతా వెతికాను. మాత్రలన్నీ పాత బూటులో ఉన్నాయి. రెండు నెలల మాత్రలు! డబ్బాలో పచ్చటి పొడి. దిండు గలీబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం. ఇదిగో, మొదటి ముక్క ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"నేను రేడియో మెకానిక్‌ని. ఏళ్ళ తరబడి షుగరుతో కాపురం చేశాను. ఇంట్లోవాళ్ళ కళ్ళుగప్పి, చిన్న స్క్రూలు పెట్టుకునే డబ్బాలో చక్కెర దాచుకుని తినేవాణ్ణి. దొరికిపోతే దగ్గు మందంటూ నవ్వేవాణ్ణి. ఇప్పుడు పొద్దున్నే ఒక చెంచా పొడి, అంతే. మాత్రలన్నీ అవతల పారేశాను. మళ్ళీ బతకడం మొదలుపెట్టాను."

గుమస్తా మీదికి యుద్ధానికి వెళ్ళాను. పాపం, ఆయన ఏడ్చేశాడు. "నేను అందరికీ పంపినట్టే పంపానమ్మా. మీ నాన్నగారే పదిసార్లు చదివించుకుని, కాగితం మీద తీసిమ్మన్నారు. పొడి తెప్పించమందీ ఆయనే. వద్దన్నా వినలేదు" అన్నాడు.

ఇది రాసినవాడెవడో నాకు కావాలి. నీకు ఆ లోకం తెలుసు కదా, కనిపెట్టు. మందు అమ్ముకునేవాడి మీద కంటే నాకు వీడి మీదే ఎక్కువ కసి. ఎదుటి మనిషి ఎలా నమ్ముతాడో తెలిసి రాశాడు. వాడి ఇంటి ముందు కూర్చుని, నాన్న కాలు చూపించి అడగాలి, నీకు తండ్రి లేడా అని.

అక్క

*

పిచ్చుకా,

పాదం దక్కింది. నాన్న ఇంటికొచ్చేశారు. పన్నెండు రోజులైంది, నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఫోను మోగి మోగి ఆగిపోతోంది. మేనేజరు నిన్నేమైనా చేశాడా? భయంగా ఉంది. ఒక్క ముక్క రాయి.

అక్క

*

అక్కా,

నన్నెవరూ ఏమీ చెయ్యలేదు.

నువ్వు వెతుకుతున్నది నన్నే. ఆ రేడియో మెకానిక్‌ని నేనే రాశాను.

ఎలా రాశానో కూడా చెప్పాలి, లేకపోతే సగమే చెప్పినట్టు. నా మొదటి రెండు వ్యాసాలు మేనేజరు తిప్పికొట్టాడు. 'మీ రాతలో మనిషి లేడు. చదివేవాడికి తనకి తెలిసిన ముసలాయన కనిపించాలి' అన్నాడు. కళ్ళు మూసుకుంటే నాకు కనిపించే ముసలాయన ఒక్కరే. గడియారాలు తీసి రేడియోలు పెట్టాను. తక్కినదంతా నాన్నే. స్క్రూల డబ్బాలో చక్కెర నిజం. షుగరు వచ్చిందని తెలిసిన ఏడాది, నాకు పదేళ్ళప్పుడు, కొట్లో చూశాను. 'అక్కకి చెప్పకు' అని నా అరచేతిలోనూ కాస్త పోశారు. ఇన్నేళ్ళూ నీకు చెప్పనిది, ముక్కూ మొహం తెలియనివాడికి అమ్ముకున్నాను.

పొడి సంగతి తెలుసా అంటావు. పొడి పేరు వాళ్ళే చేర్చారు, కానీ మాత్రలు పారేసినట్టు రాయమంటే రాసింది నేను. ఎవరూ నిజంగా పారెయ్యరులే అనుకున్నాను. అనుకోవడం కాదు, అలా అనుకోకపోతే రాయలేను కాబట్టి అనుకున్నాను. నాన్న తేడాగా ఉన్నారని నువ్వు రాసిన రోజే నాకు ఆ వ్యాసం మీదికి అనుమానం పోయింది. అయినా నీకు చెప్పలేదు. ఆ రోజే చెప్పి ఉంటే ఆ వేలు ఉండేదేమో.

నీ ఉత్తరం అందాక దాన్ని తీసేయమని మేనేజరుని వేడుకున్నాను. 'మంచి స్పందన వస్తోందండీ, ఇలాంటివే ఇంకో రెండు పంపండి' అన్నాడు. ఆ చిరునామా పట్టుకుని ఆరు గంటలు బస్సులో వెళ్ళాను. జిరాక్సు షాపు పైన ఒక మూసిన గది. గోడకి ముప్పై ఉత్తరాల పెట్టెలు, ముప్పై కంపెనీల పేర్లు. 'ఇక్కడెవరూ ఉండరమ్మా, వారానికోసారి ఒకాయనొచ్చి ఉత్తరాలు పట్టుకుపోతాడు' అన్నాడు షాపతను. మూడు రోజులు ఆ మెట్ల మీద కూర్చున్నాను. ఎవరూ రాలేదు.

అక్కణ్ణుంచి మందుల తనిఖీ ఆఫీసుకి వెళ్ళి మేనేజరు నాకు పంపినవీ నేను రాసినవీ అన్నీ ఇచ్చాను. ఆఫీసరు చదివి, "ఇందులో మాకు దొరికింది మీ పేరొక్కటేనమ్మా, తెలుసా?" అన్నాడు. తెలుసన్నాను. మళ్ళీ పిలుస్తారట. నా బ్లాగులో కూడా నా పేరుతో జరిగిందంతా పెట్టాను. మాత్రలు మానేసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఇవాళే మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళమని రాశాను. గుమస్తాగారు ఆ అబద్ధాన్ని ఎవరెవరికి పంపారో వాళ్ళందరికీ దీన్ని పంపమను.

నాన్నకి నువ్వే చెప్పు. నాకు నోరు రాదు. నన్ను తిట్టే హక్కు నీకుంది, ఆపుకోకు.

పిచ్చుక

*

పిచ్చుకా,

నీ ఉత్తరం చదివి, సంచిలో పెట్టుకుని రెండు రోజులు పనికి వెళ్ళాను. ప్యాకింగులో సగం పెట్టెలకి లేబుళ్ళు తిరగేసి అంటించానట, పక్కామె సరిచేసింది. నీ మీద కోపం పోలేదు. పోయినట్టు నటించను.

మూడో రోజు నాన్న మంచం పక్కన కూర్చుని ఆ ఉత్తరం చదివి వినిపించాను. మధ్యలో ఆపుతారనుకున్నాను, ఆపలేదు. అంతా విని, కట్టు కట్టిన కాలు కాస్త సర్దుకున్నారు.

"నాకు తెలుసు" అన్నారు.

"ఏం తెలుసు?"

"అది చిన్నది రాసిందని. చక్కెర సంగతి దానికీ నాకూ తప్ప ఎవరికి తెలుసు? గుమస్తా మొదటిసారి చదవగానే గుర్తుపట్టాను."

"మరి తెలిసీ ఎందుకు మానేశారు నాన్నా!"

"తెలిసే మానేశాను తల్లీ. నేరుగా చెబితే నొచ్చుకుంటానని, పరాయివాడి మాటగా నాకే రాసిందనుకున్నాను. నా కూతురు నాకు అబద్ధం ఎందుకు రాస్తుంది?"

నేను లేచి వరండాలోకి వెళ్ళిపోయాను. వెనక నుంచి పిలిచి, "ఈ మాట దానికి రాయకు. తెలిస్తే ఇక జన్మలో పెన్ను ముట్టుకోదు" అన్నారు.

రాయనని మాటిచ్చాను. ఇచ్చి, ఇదిగో రాస్తున్నాను. నీకు తెలియాలి. ముట్టుకుంటావో మానుకుంటావో, అది తెలిసిన చేత్తోనే తేల్చుకో.

గుమస్తాగారు నీ బ్లాగు రాతని అందరికీ పంపాడు. మన వీధిలోనే ఇద్దరు, ఒక టైలరూ ఒక రిటైర్డ్ నర్సూ, ఆ పొడి డబ్బాలు పట్టుకుని వచ్చి మా గుమ్మంలో నిలబడ్డారు. వాళ్ళని డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఇంకెంతమంది ఉన్నారో తెలియదు.

ఆదివారం రా. నాకు నీతో మాట్లాడాలని లేదు, నేను వంటింట్లో ఉంటాను. నాన్న కాలికి కట్టు మార్చాలి. ఎలా మార్చాలో నర్సు నాకు నేర్పింది, నేను చూపిస్తాను. ఆ రోజు నువ్వు మారుద్దువుగాని.

మీ అక్క