ఆగని దరువు

మేనల్లుడు దశరథ్‌కు మామ రాసేది. నోటితోని చెప్తే మీ అత్త కొట్లాట అంటది, గందుకే రాస్తున్న.

మన పెండ్లి పాటల మేళంల నా డోలక్‌కు ఆరామ్ ఇచ్చి కొత్త కీబోర్డు తెచ్చినవ్, బహుత్ అచ్ఛా. మొన్న మన గల్లీ పుష్ప అప్పగింతల పాటకు ఏం దరువు పెట్టినవ్‌రా? డిస్కో! పెండ్లికొడుకు దోస్తులు టవళ్లు ఊపుకుంట ఎగిరిన్రు. పాడే శారదక్క ఏడుపొచ్చి ఆగింది, నీ పెట్టె కొడ్తనే ఉన్నది. దారం తెగితే కార్ఖానాల బట్ట నేసే సాంచె అన్న ఆగుతది కదరా! వంద దరువులున్నయంటివి, ఏడ్చేటోళ్ల కోసం ఆగేది ఒక్కటి లేదా?

వచ్చే నెల నా బిడ్డ పెండ్లికి రా, కడుపు నిండ తిను. పెట్టె మాత్రం తేకు. అప్పగింతలకు డోలక్ నేనే కొడ్త. నాకు ఏడుపొస్తే అది సుత ఆగుతది.

నీ మామ