సాక్షి సంతకానికి నిన్నెందుకు పిలవలేదంటే

హారతీ, తప్పులుంటే సర్దుకుని చదువు. నా రాత నిదానం, ఆటో వచ్చేలోపు ఎంత రాస్తే అంతే.

పప్పు వండాను. నాలుగింటికి నల్లా వస్తుంది, బిందెలు నింపు. నీ మొగుడు నరేశ్ కంటపడకూడదని ఈ చీటీ పిండి డబ్బాలో పెడుతున్నాను. చదివాక చింపెయ్యి.

వీలునామా రిజిస్టరు చేయించడానికి పోతున్నాను. సాక్షులుగా పక్కింటి రాజమల్లు, పద్మారాణి వస్తున్నారు. నిన్న అది విని, "అక్షరాలు నేర్పింది నేను, సాక్షికి పక్కింటోళ్లా అత్తమ్మా? నా మీద గంత నమ్మకం లేదా?" అని అన్నం ముందు నుంచి లేచిపోయావు. నరేశ్ అక్కడే ఉన్నాడు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ఆస్తి అందుకునే మనిషే సాక్షి సంతకం పెడితే రేపు కోర్టులో తకరారు చేస్తారని వకీలు చెప్పాడు. అందుకే నిన్ను పిలవలేదు.

ఈ గది మీ మామ నా పేరున కొన్నాడు. నేను రాయకుండా పోతే నరేశ్ ఒక్కడికే వస్తుంది. జోల్వా ఊళ్లో సొంతంగా మగ్గాలు పెడతానని అమ్మేస్తాడు. పిల్లలతో నువ్వు మళ్లీ కిరాయి ఇంటికి పోవాలి.

గది తనకే రాస్తున్నాననుకుంటున్నాడు వాడు. పొద్దున నా మోకాళ్లకు నూనె రాసి పనికి పోయాడు. వాడి ముఖం చూడలేకపోయాను.

వకీలు వేలిముద్ర చాలన్నాడు. నేను సంతకమే పెడతాను. కింద ఏం రాయాలో ఇక్కడ ఒకసారి రాసి చూసుకుంటున్నాను:

వెంకటవ్వ, అరవై ఎనిమిదేళ్లు, ప్రస్తుతం నివాసం సూరత్, నవాగామ్, కోడలు హారతి దగ్గర.